బ్యారన్ గోడ మీద గీసిన నెట్

2023 జూన్ 15 పొద్దున ఆరున్నరప్పుడు నా ఎడమ పిక్క మీద ఎవరో రాయి పెట్టి కొట్టారనిపించింది. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నెట్‌కి దగ్గరగా పడ్డ బంతి కోసం ముందుకు ఉరకబోతూ కాలితో గట్టిగా నేలను తన్నానంతే. టప్ మని చిన్న శబ్దం కూడా వినపడింది. రెండడుగులు కుంటి, అక్కడే కోర్టులో కూర్చుండిపోయాను.

నేను నెల్లూరులో ఉంటాను. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కాలేజీలో ఆడి, పెళ్ళితో మానేసిన టెన్నిస్‌ని ముప్పై ఆరో ఏట మళ్ళీ మొదలుపెట్టాను. వారానికి నాలుగు రోజులు, పొద్దున ఐదున్నర నుంచి ఏడింటి దాకా, ఎక్కువగా డబుల్స్. అక్కణ్ణించి ఇంటికి పరుగు, స్నానం, బడి. ఆ గంటన్నర కోసం ముందు రోజు రాత్రే కూరలు తరిగి పెట్టుకునే మనిషిని. అలాంటిది ఆ ఏడాది ఎండాకాలం సెలవుల్లో నెలన్నర రోజులు రాకెట్ ముట్టుకోలేదు. మన వైపు మే నెల ఎండలు తెలిసినవాళ్ళెవరూ తప్పు పట్టరు. జూన్ 12న బడి తెరిచారు. 13 నుంచి కోర్టుకి వెళ్ళాను. పోయిన నెలన్నర ఆటనీ వారంలో రాబట్టుకోవాలని రోజుకి రెండేసి గంటలు ఆడాను. మూడో రోజే ఇది జరిగింది.

పిక్కలో లోపలి వైపు కండ కొంత చీలిందన్నారు. దీనికి 'టెన్నిస్ లెగ్' అనే పేరే ఉందని అప్పుడే తెలిసింది. మోకాలు చాచి ఉన్నప్పుడు పాదంతో ఒక్కసారిగా నేలను తంతే ఆ కండ మీద భారమంతా పడుతుందట. ముప్పై ఐదు దాటి, సరదాగా ఆడుకునే మాలాంటి వాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుందట. మామూలుగా నడవడానికి మూడు వారాలు, పరిగెత్తడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో మా ఫిజియో చెప్పిన ఒక మాట నాకు బాగా పట్టుకుంది. "మీ కాలిని పాడుచేసింది సెలవులు కాదు మేడం. సెలవుల తర్వాతి మూడు రోజులు."

అందుకే 2024 సంక్రాంతి సెలవులు దగ్గర పడుతుంటే నాకు టెన్షన్ మొదలైంది. జనవరి 9 నుంచి సెలవులు, 22న మళ్ళీ బడి. జనవరి 27, 28 తేదీల్లో మా ఉపాధ్యాయుల టోర్నమెంటు. నేనూ నా పార్ట్‌నర్ ఆడవాళ్ళ డబుల్స్‌కి పేర్లు ఇచ్చేశాం. సెలవులకేమో మా అమ్మావాళ్ళ ఊరు వెళ్ళాలి. ప్రకాశం జిల్లాలో కొండపి దగ్గర. చుట్టూ పొగాకు, శనగ, కంది. టెన్నిస్ కోర్టు మాట దేవుడెరుగు, ఊళ్ళో చదునైన సిమెంటు నేల అంటే గుడి ముందు ఉన్నదొక్కటే.

వెళ్ళే ముందు ఫిజియో దగ్గరికి ఒక కాగితం పట్టుకెళ్ళాను. రోజూ గంట పరుగు, అరగంట తాడాట, అరగంట కసరత్తు అని పట్టిక గీసుకున్నాను. ఆయన అందులో సగానికి పైగా కొట్టేశారు. ఊపిరికి సంబంధించిన దమ్ము పది పన్నెండు రోజుల తర్వాత తగ్గడం మొదలవుతుందనీ, కండబలం మూడు వారాల దాకా పెద్దగా పోదనీ చెప్పారు. "మీరు పోయేది పదమూడు రోజులు. మామూలుగా చేసేదాంట్లో మూడో వంతు చెయ్యండి, చాలు. కానీ ఆ మూడో వంతునీ మెల్లగా చెయ్యకండి. ఆటలో ఎంత చురుగ్గా కదులుతారో అంతే చురుగ్గా కదలండి" అన్నారు. సమయం తగ్గించు, వేగం తగ్గించకు. నేను గీసుకున్న పట్టిక దీనికి సరిగ్గా ఉల్టా. గంటసేపు నెమ్మదిగా పరిగెత్తితే చెమట పట్టి తృప్తిగా ఉంటుందే గానీ, డబుల్స్‌లో నెట్ దగ్గర రెండడుగులు పక్కకి దూకే కాలికి దానివల్ల ఒరిగేది తక్కువ.

సంచిలో రాకెట్, ఆరు పాత బంతులు, పాదాన్ని పట్టి ఉంచే బూట్లు, ఒక తువ్వాలు పెట్టుకున్నాను. భుజం కసరత్తుకి కావలసిన సైకిల్ ట్యూబు మాత్రం టంగుటూరులో బస్సు దిగాక కొన్నాను. పంక్చర్ షాపులో పాత ట్యూబు అడిగితే ఆ అబ్బాయి ఊరికే ఇవ్వబోయాడు. ఇరవై రూపాయలు చేతిలో పెట్టి వచ్చాను. కొత్త ట్యూబు మరీ బిగుతుగా ఉంటుంది. వాడి వదిలేసిందే భుజానికి సరిపోతుంది.

మొదటి పని పిక్కలది. మా ఇంటి ముందు పాత అరుగు ఉంది. దానికి రెండు మెట్లు. పై మెట్టు అంచున మునివేళ్ళు పెట్టి, మడమలు గాల్లో ఉంచి, పైకి లేచి, మూడు లెక్కపెట్టుకుంటూ కిందికి దిగాలి. లేవడం కన్నా దిగడమే ముఖ్యం. పైకి లేచేటప్పుడు కండ కుదించుకుంటుంది, దిగేటప్పుడు సాగుతూ బరువు మోస్తుంది. నా కాలు తెగింది కూడా సాగుతూ బరువు మోసిన క్షణంలోనే. మోకాలు నిటారుగా పెట్టి పదిహేను, కొంచెం వంచి పదిహేను. వంచితే లోపలున్న ఇంకో కండ పనిచేస్తుంది. ఇలా మూడు విడతలు, రోజు విడిచి రోజు.

మొదటి రోజే ఒంటికాలి మీద ఎన్ని చేయగలనో లెక్కపెట్టి రాసుకున్నాను. కుడికాలు 24, ఎడమకాలు 17. ఆ ఏడు తేడా చూసి గుండె కొంచెం జారింది. ఆరు నెలలైంది, నొప్పి లేదు, ఆడుతున్నాను, అంతా బాగైపోయిందనే అనుకుంటున్నాను. నెల్లూరులో వారానికి నాలుగు రోజులు ఆడుతున్నా ఎప్పుడూ విడివిడిగా లెక్క చూసుకోలేదు. బలమైన కాలు బలహీనమైన కాలి పని కూడా చేసేస్తుంటే మనకు తెలియనే తెలియదు. కాలికి దెబ్బ తగిలి కోలుకున్న ప్రతి ఒక్కరినీ నేను అడిగేది ఇదొక్కటే: ఒక్కసారి రెండు కాళ్ళూ విడివిడిగా లెక్కపెట్టి చూసుకోండి.

అమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లుతూ చూసింది. "ఏందమ్మా, అరుగెక్కి దిగతా ఉండావు? కాలు ఇంకా బాగవలేదా?" అంది. బాగయ్యాకే ఇది చెయ్యాలని చెబితే నమ్మలేదు. మర్నాటి నుంచి ముగ్గు గిన్నె పట్టుకొచ్చి నా పక్కనే కూర్చుని చుక్కలు పెట్టుకునేది. నేను అంకెలు తప్పితే తను అందించేది.

భుజానికి సైకిల్ ట్యూబు. కిటికీ ఊచకి మోచేతి ఎత్తులో కట్టి, మోచేతికీ పక్కటెముకలకీ మధ్య మడత పెట్టిన తువ్వాలు ఉంచి, ముంజేతిని బయటికి తిప్పి, నెమ్మదిగా తిరిగి రానివ్వాలి. సర్వీస్ చేసేటప్పుడు చెయ్యి ఎంత వేగంగా ముందుకు పోతుందో అంత వేగాన్నీ భుజం వెనకున్న చిన్న కండలు బ్రేకు వేసి ఆపాలి. కొట్టే కండలకి ఆటలోనే పని దొరుకుతుంది, ఆపే కండలకి మాత్రం మనమే విడిగా పని చెప్పాలి. అది అయ్యాక తువ్వాలు చివర ముడి వేసి, దాన్నే రాకెట్ అనుకుని పాతిక సర్వీసులు గాల్లోకి. బంతి ఎగరేసే ఎడమ చేతిని కూడా కలిపి. తువ్వాలు ముడి చెవి పక్కనుంచి దూసుకెళ్ళే శబ్దం తల పైన వినిపిస్తే ఊపు సరిగ్గా ఉన్నట్టు, వెనక వినిపిస్తే ముందే వేగం అయిపోయినట్టు. మా కోచ్ ఎప్పుడో నేర్పిన పద్ధతి ఇది.

ఇక గోడ. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి.

మా ఇంటి వెనక వీధిలో బాబాయి వాళ్ళ పొగాకు బ్యారన్ ఉంది. పచ్చి ఆకును కర్రలకు కట్టి లోపల అంతస్తులుగా వేలాడదీసి, బయట పొయ్యిలో మంట పెట్టి, ఇనప గొట్టాల గుండా వేడి పంపి ఐదారు రోజులు ఆరబెట్టే గది అది. ఇంటి కన్నా ఎత్తుగా ఉంటుంది. ఒక వైపు గోడకి తలుపులూ లేవు, కన్నాలూ లేవు. నున్నగా సిమెంటు పూత. దాని ముందు ఆకు కట్టే చోటు, ఏళ్ళ తరబడి తొక్కి తొక్కి గట్టిపడిన నేల. చిన్నప్పటి నుంచి చూస్తున్న గోడే గానీ, టెన్నిస్ కళ్ళతో చూడటం అదే మొదటిసారి.

మామూలుగా అయితే సంక్రాంతి అటూఇటుగా తొలి ఆకు కోతకొస్తుంది. ఆ చోటంతా మనుషులతో, ఆకు మోపులతో నిండి ఉంటుంది. ఆ ఏడాది ఖాళీగా ఉంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుఫానుకి బాబాయి పొలంలో నీళ్ళు నిలిచి, నాటిన మొక్కంతా ఉరకెత్తి చచ్చిపోయింది. మళ్ళీ నారు కొని, మళ్ళీ కూలీలను పెట్టి నాటారు. కోత నెల పైనే వెనక్కి పోయింది. ఒక పంటకి రెండు పెట్టుబడులు. అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి, మీ బ్యారన్ గోడకి బంతి కొట్టుకుంటానని అడగడానికి నాకు నోరు రాలేదు. రెండు రోజులు ఆ వీధిలో అటూఇటూ తిరిగి వచ్చేశాను. చివరికి మా మేనల్లుడు వెళ్ళి అడిగేశాడు. బాబాయి తనే ఇంటికొచ్చి, "ఏమ్మా, నా దగ్గర మొహమాటం ఏందమ్మా? గోడ ఊరికే పడుంది. కొట్టుకో. పెచ్చు లేస్తే చెప్పు, మేస్త్రీ ఎట్టాగూ వస్తాడు" అన్నారు. ఆ మాటతో మనసు తేలికపడింది.

కోర్టులో నెట్ మధ్యలో 91.4 సెంటీమీటర్లు, స్తంభాల దగ్గర 1.07 మీటర్లు ఉంటుంది. గోడ మీద టేపుతో కొలిచి, మీటరు ఎత్తున చాక్‌పీసుతో గీత గీశాను. తెల్లారేసరికి మంచుకి అది చెరిగిపోయింది. మా వదిన సున్నం తడిపి, గుడ్డతో మళ్ళీ గీసింది. ఇంటి గోడకి వెల్ల వేసినంత శ్రద్ధగా, ఆ చివర నుంచి ఈ చివరకి ఒక్క వంకర లేకుండా.

గోడతో ఆడేటప్పుడు ఒక చిక్కుంది. మనిషి తిరిగి కొట్టే బంతి కన్నా గోడ నుంచి వచ్చే బంతి చాలా త్వరగా వచ్చేస్తుంది. దాన్ని అందుకోవాలన్న కంగారులో చెయ్యి పూర్తిగా వెనక్కి పోదు, ఊపు పొట్టిదైపోతుంది. అలాగే పది రోజులు అలవాటైతే కోర్టులో దిగాక ప్రతి బంతినీ ముందే కొట్టేస్తాం. అందుకని ఎనిమిది మీటర్ల దూరంలో నిలబడి, బంతి రెండుసార్లు నేల తాకాక కొట్టాను. రెండో గెంతుకి అది నడుము కన్నా కిందే ఉంటుంది. మోకాళ్ళు వంచక తప్పదు. ఆ లాభం నేను అనుకోనిది. ఫోర్‌హ్యాండ్ యాభై, బ్యాక్‌హ్యాండ్ యాభై, తర్వాత నాలుగు మీటర్లకి జరిగి నేల తాకకుండా వాలీలు, ఒక్కో విడతకి ఇరవై. వాలీలకి గోడను మించిన గురువు లేదని నా నమ్మకం. వేగంగా కొడితే అంతే వేగంగా తిరిగొస్తుంది, బద్ధకిస్తే బంతి కిందికి జారిపోతుంది.

మొత్తం పాతిక నిమిషాలు. అంతకు మించి ఒక్కరోజూ కొట్టలేదు. అరచేతి చర్మం మెత్తబడకుండా ఉండటానికి కూడా ఈ పాతిక నిమిషాలు పనికొచ్చాయి. నెలన్నర తర్వాత వెళ్ళినప్పుడు మొదటి రోజే బొటనవేలి మొదట్లో బొబ్బ లేచిన సంగతి నాకింకా గుర్తుంది.

బంతులు పాతవి కదా, గాలి దిగి తక్కువ ఎగురుతాయి. సరదా కోసమైతే ఫర్వాలేదు గానీ, దానికి కాలూ చెయ్యీ అలవాటైతే కొత్త బంతికి మళ్ళీ సర్దుకోవాలి. ఇంకోసారి వెళ్తే ఒక్క డబ్బా అయినా కొత్తవి తీసుకెళ్తాను.

నాలుగో పని పరుగు. టెన్నిస్‌లో చాలా పాయింట్లు పది సెకన్లలోపే అయిపోతాయి. పాయింటుకీ పాయింటుకీ మధ్య 25 సెకన్లు, వైపు మారేటప్పుడు 90 సెకన్లు ఇస్తారు. నా పరుగు కూడా అలాగే పెట్టుకున్నాను. కళ్ళంలో మధ్యన ఒక ఇటుక, రెండు వైపులా నాలుగేసి మీటర్లలో ఒక్కొక్క ఇటుక. సింగిల్స్ కోర్టు వెడల్పు 8.23 మీటర్లు కాబట్టి ఇంచుమించు ఆ కొలతే. నేను మధ్యన నిలబడతాను. మా మేనల్లుడు ఎదురుగా ఉండి చెయ్యి చూపిస్తాడు. వాడి చెయ్యి కదలబోయే ముందు చిన్న గెంతు గెంతి, రెండు పాదాలూ నేల తాకుతూనే వాడు చూపించిన వైపుకి ఉరకాలి. ఇటుక దాకా వెళ్ళి, రాకెట్ ఊపి, మధ్యకి తిరిగి రావాలి. పది సెకన్లు ఇలా, తర్వాత 25 సెకన్లు నడక. పది 'పాయింట్లు' అయ్యాక 90 సెకన్లు ఆగడం. మూడు విడతలు. అంతా కలిపి ఇరవై నిమిషాలు. మూడో విడతలో మాట రాదు.

వాడికి పన్నెండేళ్ళు. మొదటి రోజు ఉత్సాహంగా చేశాడు. రెండో రోజు నుంచి నన్ను మోసం చెయ్యడం నేర్చుకున్నాడు. కుడి చూపిస్తున్నట్టు నటించి ఎడమ చూపించేవాడు. "అత్తా, ఇటు పొయ్యావే!" అని అరిచేవాడు. నిజానికి నాకు కావలసింది అదే. నెట్ అవతల ఉండేవాళ్ళు కూడా మనకు ముందే చెప్పి కొట్టరు కదా.

ఊళ్ళో నలభై ఏళ్ళ ఆడమనిషి ట్రాక్ ప్యాంటు వేసుకుని కళ్ళంలో గెంతుతుంటే నలుగురూ నిలబడి చూశారు. అమ్మకి మొదట ఇబ్బందిగా ఉండింది. నాన్న ఏమీ అనలేదు. మూడో రోజు మాత్రం కుర్చీ తెచ్చి కళ్ళం గట్టు మీద వేసుకుని కూర్చున్నారు, పేపరు చదువుకుంటూ. ఆయన అక్కడ కూర్చున్నాక ఇంకెవరూ ఏమీ అడగలేదు. ఆ కుర్చీ నాకెంత చేసిందో ఆయనకి చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతున్నాను.

భోగి నాడు మంట దగ్గర చలి కాచుకుని, గోడ దగ్గరికి మాత్రం పోయొచ్చాను. ఆ రోజే ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదలైంది. సంక్రాంతి రోజు పూర్తిగా సెలవు. అరిసెలు, మణుగుపూలు, చక్రపొంగలి అన్నీ తిన్నాను. పండగ పూట తిండి దగ్గర లెక్కలు వేసుకోవడం నాకు నచ్చదు. ఫిజియో కూడా వారంలో రెండు రోజులు ఏమీ చెయ్యకుండా ఉండమనే చెప్పారు. నీళ్ళు ఎక్కువ తాగడం, రాత్రి పదింటికి పడుకోవడం, ఈ రెండూ మాత్రం తప్పలేదు.

కనుమ నాడు వంటింట్లో నాటుకోడి పులుసు ఉడుకుతోంది, నేను గారెల పిండి రుబ్బుతూ పక్కన ఫోన్ పెట్టుకున్నాను. సుమిత్ నాగల్ మ్యాచ్. అర్హత పోటీలు (క్వాలిఫయింగ్) ఆడి అసలు టోర్నమెంటులోకి వచ్చిన కుర్రాడు, 31వ సీడు, అంటే ర్యాంకులను బట్టి ముందే ఎంచిపెట్టిన మేటి ఆటగాళ్ళలో ఒకడైన బుబ్లిక్‌ని 6-4, 6-2, 7-6తో ఓడించాడు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో సీడెడ్ ఆటగాణ్ణి ఒక భారతీయుడు ఓడించడం 1989లో రమేశ్ కృష్ణన్ తర్వాత ఇదే. రమేశ్ కృష్ణన్ అప్పుడు ఓడించింది విలాండర్‌ని, ఇదే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో. నాగల్ ఎత్తూ, సర్వీస్ బలమూ మిగతావాళ్ళతో పోలిస్తే తక్కువే. కాళ్ళతో గెలిచాడు. ప్రతి బంతి వెనకా పరిగెత్తి గెలిచాడు. చేతికి పిండి ఉండగానే లేచి నిలబడ్డాను. వదిన ఏమైందోనని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

ఆ ఉత్సాహమే మర్నాడు నన్ను పొరపాటు చేయించింది.

ముక్కనుమ రోజు అందరం ఆటో మాట్లాడుకుని సింగరాయకొండ దాటి పాకల బీచ్‌కి వెళ్ళాం. పిల్లలు ఇసుకలో పందెం పరుగులు పెడుతున్నారు. నేనూ కలిశాను. చెప్పుల్లేకుండా, పొడి ఇసుకలో, నాలుగు సార్లు. ఇసుకలో మడమ లోపలికి కూరుకుపోతుంది. మామూలు నేల మీద కన్నా పిక్క ఎక్కువగా సాగి, ఎక్కువగా తన్నాలి. అది నాకు తెలుసు. తెలిసీ పరిగెత్తాను. అలలు తడిపిన గట్టి ఇసుక మీద నడిచి ఉంటే సరిపోయేది.

18న పొద్దున మంచం దిగగానే ఎడమ పిక్క పట్టేసినట్టుంది. ఆ క్షణంలో నా మనసులో ఏం తిరిగిందో చెప్పడం కష్టం. జూన్‌లో కోర్టులో కూర్చుండిపోయిన పొద్దు, వాచిన కాలు, బడిలో రెండో అంతస్తు మెట్ల దగ్గర పిల్లలు నా సంచి మోసిన రోజులు. టోర్నమెంటుకి ఇంకా తొమ్మిది రోజులుంది. పార్ట్‌నర్‌కి ఫోన్ చేసి చెప్పేయాలా అని కూడా అనుకున్నాను. అరగంట అరుగు మీద కూర్చుని, చివరికి ఫిజియోకి ఫోన్ చేశాను.

ఆయన కంగారు పడలేదు, ప్రశ్నలడిగారు. వేలితో నొక్కితే ఒక్కచోటే చురుక్కుమంటోందా, పిక్కంతా ఒకేలా బరువుగా ఉందా? వాపు గానీ, చర్మం నీలం రంగుకి తిరగడం గానీ ఉందా? మెట్లు దిగుతుంటే నొప్పా? ఒంటికాలి మీద మడమ ఎత్తగలుగుతున్నారా? పిక్కంతా ఒకేలా ఉంది, వాపు లేదు, మెట్లు దిగగలుగుతున్నాను, మడమ కూడా లేస్తోంది. "అయితే చిరగలేదు, అలిసింది. రెండు రోజులు గెంతులు, పరుగులు వద్దు. మడమలు రెండు కాళ్ళ మీదే ఎత్తండి. గోడ దగ్గర నిలబడిన చోటు నుంచే కొట్టండి. నడక మానకండి. రెండు రోజుల్లో తగ్గకపోతే వచ్చి చూపించుకోండి" అన్నారు.

రెండు రోజులూ చెరువు కట్ట మీద నడిచాను. గోడ దగ్గర బాబాయి వచ్చి కూర్చున్నారు. నాకు ఎనిమిది మీటర్ల నుంచి పరుగులు లేవు కాబట్టి వాలీలే ఎక్కువ కొట్టాను. ఆయన గీతకి పైన ఎన్ని తగిలాయో, కింద ఎన్ని తగిలాయో వేళ్ళ మీద లెక్కపెట్టారు. ఒకసారి వరసగా ముప్పై ఆరు పైనే తగిలాయి. ముప్పై ఏడోది కిందికి పోతే నాకన్నా ఆయనే ఎక్కువ బాధపడ్డారు. తర్వాత పొలం మాట తీశారు. రెండోసారి నాటిన మొక్క నిలబడిందనీ, ఆకు వెడల్పు బాగానే ఉందనీ, ఎండ ఇలాగే కాస్తే ఫిబ్రవరిలో బ్యారన్ వెలిగిస్తామనీ చెప్పారు. డిసెంబరు నుంచి ఆయన పంట గురించి ఎవరితోనూ అంతసేపు మాట్లాడలేదని పిన్ని తర్వాత నాతో అంది.

20న పట్టు వదిలింది. 21 ఆదివారం నెల్లూరు బస్సెక్కే ముందు అరుగు మీద చివరి లెక్క చూసుకున్నాను. కుడికాలు 25, ఎడమకాలు 20. పది రోజుల్లో మూడు పెరిగింది. అమ్మ లెక్కపెట్టింది కాబట్టి అందులో తప్పు లేదు.

తిరిగొచ్చాక అసలు పరీక్ష మొదలైంది. 22న పొద్దున కోర్టులో అడుగు పెట్టగానే ఒళ్ళంతా ఆడెయ్యమంది. నా పార్ట్‌నర్ కూడా సెట్ ఆడదామంది. వద్దన్నాను. పది నిమిషాలు సర్వీస్ గీత లోపలే నిలబడి మెల్లగా బంతి అటూఇటూ పంపుకున్నాం. తర్వాత వెనక్కి జరిగి ఇరవై నిమిషాలు. సర్వీసులు లెక్కపెట్టి ఇరవై. నలభై నిమిషాలకే రాకెట్ సంచిలో పెట్టేశాను. మంగళవారం ముప్పై సర్వీసులు, బుధవారం నలభై ఐదు, ఒక సెట్. గురువారం పూర్తి గంటన్నర. శుక్రవారం జనవరి 26, బడిలో జెండా వందనం, ఆటకి సెలవు.

మొదటి రెండు రోజులూ బంతి నాకు ఆలస్యంగానే తగిలింది. కాళ్ళు చేరుతున్నాయి, చెయ్యి కూడా సిద్ధంగానే ఉంది, కానీ ఎదుటి రాకెట్ నుంచి వచ్చే బంతిని చదవడం గోడ నేర్పదు. అది మనిషితో ఆడితేనే వస్తుంది. బుధవారానికి సర్దుకుంది. జూన్‌లో కూడా ఇలాగే ఆలస్యమయ్యేది. అప్పుడు నేను దాన్ని బలంతో, ఎక్కువసేపు ఆడి సరిచేయాలని చూశాను. ఈసారి ఓపిక పట్టాను.

27న రెండు మ్యాచులు ఆడి రెండూ గెలిచాం. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు గోరువెచ్చని నీళ్ళలో పెట్టుకుని కూర్చుని, రోహన్ బోపన్న ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలవడం చూశాను. తన పార్ట్‌నర్ ఎబ్డెన్‌తో కలిసి 7-6, 7-5. నలభై మూడేళ్ళ వయసులో. మోకాళ్ళు అరిగిపోయాయన్న మనిషి యోగాతో నిలబడి అక్కడిదాకా వచ్చాడు. నలభై నిండిన నాకు ఆ రాత్రి ఎంత ధైర్యంగా అనిపించిందో!

28న సెమీఫైనల్లో 8-6తో ఓడిపోయాం. చివరి గేములో నా సర్వీస్ నెట్‌కి తగిలింది. కానీ ఆరు-ఆరు దగ్గర ఎదుటావిడ నెట్ పక్కన చిన్నగా జార్చిన బంతి ఒకటుంది. అచ్చం జూన్‌లో పడిన బంతి లాంటిదే. ఎడమ కాలితో నేలను తన్ని ఉరికాను. అందింది. ఆ పాయింటు మాదే.

ఫిబ్రవరి రెండో వారంలో అమ్మ ఫోన్ చేసింది. బాబాయి బ్యారన్ వెలిగించారంట. తొలి కాపు ఆకు లోపలికి ఎక్కించారు. గోడకి వెల్ల వేయించాలనుకుంటున్నారనీ, ఆ సున్నం గీతను ఏం చెయ్యమంటావని నన్ను అడగమన్నారనీ చెప్పింది. ఉంచమన్నాను. ఎండాకాలం సెలవులకి వస్తాననీ, ఈసారి కొత్త బంతులు తెస్తాననీ చెప్పమన్నాను. ఆకు రంగు ఎలా వస్తోందని అడిగితే, "నిమ్మపండు మాదిరి వస్తా ఉందంటమ్మా" అంది.